నా మీటల్లో లేని అర

నేను ఒక కీబోర్డును. నల్లని ఒళ్లు, పొడుగాటి తోక, వెనక రెండు పొట్టి కాళ్లు. వాటిలో ఒకటి విరిగింది కనుక బల్ల మీద కొంచెం కుంటుతాను. మీలో చాలామంది నాలాంటివాటి మీద వేళ్లు ఆడించి ఉంటారు, టీ ఒలకబోసి ఉంటారు, జంతికలు నములుతూ ఆ పొడి మా సందుల్లో దాచిపెట్టి ఉంటారు. మా ముఖంలోకి నిదానంగా చూసినవాళ్లు మాత్రం తక్కువ. నా మటుకు నాకు అదే నయం. చూస్తే నా లోపం బయటపడేది.

లోపం ఏమిటంటారా? నా మీటల్లో అర లేదు. ఒకటి నుంచి తొమ్మిది దాకా పైవరసలో ఉన్నాయి, పక్కన సున్నా ఉంది. అవి చాలవన్నట్టు అవే అంకెలు కుడిపక్క గళ్లగళ్లుగా మళ్లీ ఇంకోసారి ఉన్నాయి. డాలరు గుర్తుంది, దాన్ని మండపేటలో ఎవరూ నొక్కగా నేను చూడలేదు. ఆరు అంకె నెత్తిన టోపీలాంటి గుర్తొకటి ఉంది, అదెందుకో నాకే తెలియదు. ఎవరికీ అక్కరలేనివన్నీ ముఖాన పచ్చబొట్లలా పొడిపించుకుని, పొద్దున లేస్తే అందరికీ కావలసిన అర, పావు, ముప్పావు లేకుండా పుట్టాను. చుట్టాలింటికి ఉత్త చేతులతో వచ్చి, వాళ్ల వీధి అరుగు మీదే కూర్చున్నవాడిలా ఉండేది నా పరిస్థితి.

పుట్టింది సముద్రానికి అవతల. ఆ ఊరి పేరు పలకాలంటే నోరు తిరగదు. మమ్మల్ని పెట్టెల్లో కుక్కి ఓడెక్కించారు. నడిసముద్రంలో తుఫాను పట్టుకుంది. ఆ కుదుపులకి పెట్టెలోని కీబోర్డులన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుని, రేవు చేరేలోపు ఒక పెద్ద గ్రంథమే రాసేశాయనీ, తెర లేకపోవడం వల్ల లోకం దాన్ని చదువుకోలేకపోయిందనీ మా వాళ్లు చెప్పుకుంటారు. నమ్మితే నమ్మండి, లేకపోతే ఓడ కెప్టెన్ని అడగండి. విశాఖపట్నంలో దిగి, లారీలో రాజమండ్రి చేరి, అక్కణ్ణుంచి బస్సు టాపు మీద అరటి గెలల మధ్య ఒరుగుతూ మండపేట వచ్చాను.

బస్టాండు వెనక సందులో సత్యవేణి డి.టి.పి. దుకాణం ఉండేది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పరీక్ష పేపర్లు, పాలకేంద్రం నోటీసులు, అన్నీ అక్కడే. ఆవిడ నా మీద మొదటిసారి అర కొట్టిన రోజు నేను నివ్వెరపోయాను. ఎడమ బొటనవేలితో ఆల్ట్ అనే మీట నొక్కి పట్టుకుంది. కుడిచేత్తో నా కుడిపక్క గళ్లలోని అంకెల్లో సున్నా, ఒకటి, ఎనిమిది, తొమ్మిది కొట్టింది. బొటనవేలు తీసింది. తెర మీద ½ వచ్చి బుద్ధిగా కూర్చుంది. చివర తొమ్మిది బదులు ఎనిమిది కొడితే పావు, ¼. సున్నా ఒకటి తొమ్మిది సున్నా కొడితే ముప్పావు, ¾. సున్నా ఒకటి ఏడు ఆరు కొడితే డిగ్రీల పక్కన పెట్టే చిన్న గుండ్రం. ఆ గుండ్రం కోసం రామచంద్రపురం నుంచి ఒక హోమియో డాక్టరు మోటారు సైకిలు మీద వచ్చేవాడు. అది పడకపోతే తన రోగులకి జ్వరం దిగదని ఆయన నమ్మకం.

నా ముఖాన లేనిది నా కడుపులో ఉందన్నమాట. సంతోషించాను గాని, ఒక చిక్కుంది. ఆ అంకెలు కుడిపక్క గళ్లలోవే కొట్టాలి. పైవరసలో అవే అంకెలు కొడితే ఏమీ రాదు. ఈ ముక్క మనసులో పెట్టుకోండి, ఎందుకంటే నా మీద ఎక్కడా రాసి లేదు.

పేర్రాజు మాస్టారి సంగతి చెప్పాలి. కంప్యూటర్లు రాకముందు ఆ చుట్టుపక్కల టైపు నేర్చిన వేళ్లన్నీ ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చినవే. ఆయన దగ్గర రెండే నియమాలు. వెన్ను నిటారుగా ఉండాలి. చూపు పక్కన పెట్టుకున్న కాపీ మీదే ఉండాలి. మీటల వంకా చూడకూడదు, కొడుతున్న కాగితం వంకా చూడకూడదు. చూసినవాళ్ల చేతుల మీద తువ్వాలు కప్పేసేవారు. సత్యవేణి ఆ తువ్వాలు కింద నేర్చుకున్నదే. ఆయన వేగం ఎటువంటిదంటే, ఒక వేసవి మధ్యాహ్నం ఆయన కిటికీ పక్కన కూర్చుని టైపు కొడుతుంటే, వడగళ్లు పడుతున్నాయనుకుని వీధిలోని ఆడవాళ్లంతా డాబాలెక్కి వడియాలు ఎత్తేశారట.

కాలం మారింది, ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. పెళ్లిళ్ల రోజుల్లో సత్యవేణి వెళ్లి, "మాస్టారూ, నాకు చెయ్యాడట్లేదండి, మీరు వచ్చి కూర్చుంటే ధైర్యంగా ఉంటాది," అని పిలుచుకొచ్చింది. తన కుర్చీ ఆయనకిచ్చి తను స్టూలు మీదకి మారింది. ఆయన వెన్ను నిటారుగా పెట్టి నా మీద మొదటి దెబ్బ వేశారు. టైపు మిషనుకి వేసే దెబ్బ అది. నా విరిగిన కాలు ఆనాటిదే.

ఆయన వేళ్లు బంగారం. పాత అలవాట్లే ఆయన్ని ఏడిపించాయి. టైపు మిషను మీద బ్యాక్‌స్పేస్ నొక్కితే బండి ఒక అడుగు వెనక్కి వస్తుంది తప్ప కొట్టిన అక్షరం పోదు. అక్షరం మీద అక్షరం కొట్టి, లేని గుర్తులన్నీ పుట్టించేవారు ఆ రోజుల్లో. ఇక్కడ బ్యాక్‌స్పేస్ నొక్కితే నేను తినేస్తాను. మొదటి వారంలోనే ఒక శుభలేఖలో పెళ్లికొడుకు తండ్రిని నమిలి మింగేశాను. సత్యవేణి చూసి ఆయన్ని మళ్లీ నిలబెట్టింది కనుక సరిపోయింది.

ఒకనాడు మాస్టారు మామూలుగా అడిగినట్టు అడిగారు.

"అమ్మాయ్, ఇందులో అర ఎక్కడ పెట్టేరు? మా మిషన్లో చిటికెన వేలి కిందే ఉండేది."

సత్యవేణి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని శుభలేఖలకి గంధం బొట్లు పెడుతోంది. "ఆల్ట్ నొక్కి పట్టుకుని, సున్నా ఒకటి ఎనిమిది తొమ్మిది కొట్టండి మాస్టారూ."

"అంతేనా?"

"అంతేనండి."

అక్కడే ఒకసారి కొట్టి చూసుకోవచ్చు. ఆయన కొట్టలేదు. తన దగ్గర నేర్చుకున్న పిల్ల కళ్లెదుట వేలు తడబడితే ఎలా అని ఆయన బెంగ. అంకెలు పెదాల మధ్య రెండుసార్లు అనుకుని, తలాడించి, వేరే పనిలో పడ్డారు. ఏ అంకెలో చెప్పాలని ఆవిడకి తోచలేదు, అడగాలని ఈయనకి తోచలేదు. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఆ ఏడు దాళ్వాకి, అంటే రెండో పంటకి, గోదాట్లో నీళ్లు తగ్గాయి. అలాంటప్పుడు కాలువ నీళ్లు అందరికీ ఒకేసారి వదలరు. ఫలానా రైతుకి ఇన్ని గంటలని వంతులు వేస్తారు. ఆ వంతుల కాగితం తూము దగ్గర గోడకి అంటిస్తారు. లస్కరు, అంటే తూము తలుపు ఎత్తి దించే మనిషి, ఆ కాగితం చూసి నీళ్లు వదులుతాడు. పోలమ్మపాలెం నీటి సంఘం అధ్యక్షుడు ధర్మారావు ఒక మధ్యాహ్నం చేతిరాత కాగితం పట్టుకుని దుకాణానికి వచ్చాడు. సత్యవేణి ఎవరిదో సీమంతానికి వెళ్లింది.

"తొందరేం లేదు మాస్టారూ. అమ్మాయి వచ్చాకే కొట్టిద్దారి," అన్నాడు ధర్మారావు.

"ఆ అమ్మాయికి నేర్పిందెవరనుకుంటున్నావు?" అన్నారు మాస్టారు. వెన్ను ఇంకొంచెం నిటారయింది.

కాగితం పక్కన నిలబెట్టి చూపు దాని మీద పెట్టారు. నా వంక గాని, తెర వంక గాని కన్నెత్తి చూడలేదు. వేళ్లు వానలా కురిశాయి. ఊళ్లో సగం మంది వంతులకి చివర అర తగులుతూనే ఉంది. ఒకరికి రెండున్నర గంటలు, ఇంకొకరికి ఒకటిన్నర. అర వచ్చినప్పుడల్లా ఆయన ఎడమ బొటనవేలు ఆల్ట్ మీదకీ, కుడిచేతి వేళ్లు పైవరస అంకెల మీదకీ వెళ్లాయి. పైవరసే. టైపు మిషన్లో అంకెలుండేది అక్కడే కదా. నా కుడిపక్క గళ్లు ఆయన ఏనాడూ ముట్టుకోలేదు. అవి ఉన్నట్టు ఆయన వేళ్లకి తెలియదు, కళ్లకేమో చూడకూడదని నియమం.

కొట్టిన ప్రతిసారీ కంప్యూటరు డబ్బా "టింగ్" అంది. తప్పు మీట పడిందని అది మొత్తుకోవడం. కాని టైపు మిషన్లో లైను చివరికి వచ్చినప్పుడు చిన్న గంట మోగుతుంది. మాస్టారు ఆ చప్పుడు విని ముచ్చటపడ్డారు.

"చూశావా, దీనికీ గంట పెట్టేరు," అన్నారు ధర్మారావుతో.

మేము తప్పు తప్పు అని అరుస్తుంటే, భేష్ అంటున్నామనుకుని ఆయన మురిసిపోయారు. నా మీటల కింద నేను చితికిపోయాను. రెండున్నర రెండయింది. ఒకటిన్నర ఒకటయింది. ఆఖరి వరసలో పేరు ఉంది, దాని ఎదురుగా ఉత్త అర మాత్రమే ఉండాలి. అది కూడా రాలేదు. పేరు ఎదురుగా తెల్లగా మిగిలిపోయింది.

"ఒకసారి సరిచూస్తారా?" అన్నాడు ధర్మారావు.

"నా చేతిలో తప్పు పోవడం నువ్వెప్పుడైనా విన్నావా?" అన్నారు మాస్టారు. కాగితం అచ్చయింది, జిరాక్సులయ్యాయి, తూము గోడ ఎక్కింది.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, కాళ్లకి బురదతో ఒక ఆవిడ దుకాణం గుమ్మంలో నిలబడింది. చేతిలో గోడ మీంచి చింపుకొచ్చిన కాగితం. సత్యవేణి లోపలే ఉంది, శుభలేఖలు మడతపెడుతోంది.

"ఇది కొట్టింది ఇక్కడేనాండి?"

"ఇక్కడేనమ్మా. ఎవరు నువ్వు?" అన్నారు మాస్టారు.

"మరిడమ్మంటారండి నన్ను. పోలమ్మపాలెం శివారండి. నాకు చదువు రాదు గాని, ఆఖర్న ఉన్నది నా పేరేనంట కదండి."

"నీ పేరే."

"దాని పక్కన ఏటుందండి?"

మాస్టారు కాగితం అందుకుని చూశారు. తాను కొట్టిన కాగితాన్ని ఆయన చూడటం అదే మొదలు.

"మరి నా పేరెందుకేసేరండి, అలంకారానికా?" అంది మరిడమ్మ. గొంతు పెంచలేదు. "లస్కరు సూరన్న ఏటన్నాడో చెప్పనా? పేరుంది గాని నీళ్లు లేవు మరిడమ్మా, నీ పేరు పారించుకో చేలోకి, అన్నాడండి. వంతులు ముందే అయిపోనాయని తలుపు దించేసి, నీళ్లు పక్కూరి బోదె కాలవకి తిప్పేసేడు. ఏటా నాది అరగంటేనండి. ఎవరికీ అడ్డం రాని అరగంట. చేను పొట్ట మీదుంది. మళ్లీ వంతొచ్చేదాకా ఆగితే కోసుకునేది గడ్డేనండి."

"ధర్మారావు ఇచ్చిన కాపీలోనే..." అంటూ మాస్టారు సొరుగు లాగి చేతిరాత కాగితం తీశారు. అందులో మరిడమ్మ పేరు ఎదురుగా నల్ల సిరాతో ½ కొట్టొచ్చినట్టు కనబడుతోంది. మాట మధ్యలోనే ఆగిపోయింది. నేను అంతకుముందూ ఆ తరవాతా చాలా ముఖాలు చూశాను గాని, ఒక మనిషి అబద్ధం మొదలుపెట్టి సగంలో దాన్ని మింగడం అంత దగ్గరగా చూడలేదు.

సత్యవేణి లేచి వచ్చింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. "మాస్టారూ, ఒక్కసారి అర కొట్టండి," అంది మెల్లిగా.

ఆయన ఆల్ట్ పట్టుకుని పైవరసలో నాలుగు అంకెలూ కొట్టారు. టింగ్ మంది. తెర ఖాళీగా ఉంది.

"మోగింది కదమ్మాయ్."

"అది మెచ్చుకోలు కాదు మాస్టారూ. తప్పు నొక్కితే అలా అంటాది." ఆవిడ నేల చూపులు చూస్తూ అంది, "తప్పు నాదేనండి. కుడిపక్క అంకెలని చెప్పలేదు."

"నువ్వు చెప్పలేదు సరే. నేనడగలేదు కదా. అడిగితే నా కిరీటం పడిపోతుందని." మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "చూపించు."

"అయ్యా, మీ పాఠాలు తరవాత చెప్పుకుందురు గాని, నీళ్లండి," అంది మరిడమ్మ.

"కాగితం లేందే సూరన్న తలుపెత్తడమ్మా. ఒక్క క్షణం."

అప్పుడు పేర్రాజు మాస్టారు మెడ వంచారు. ఊరందరి చేతుల మీదా తువ్వాలు కప్పిన మనిషి, వెన్ను గూనిలా వంచి, నా ముఖంలోకి చూశారు. కళ్లద్దాలు నా మీటలకి జానెడు దూరంలో ఉన్నాయి. సత్యవేణి వేలితో చూపించిన గడిలో సున్నా వెతికారు. ఒకటి వెతికారు. ఒంటి వేలితో, పిల్లలు చీమని తాకినట్టు తాకారు. ఆయన చూస్తున్న నా ముఖాన డాలరూ టోపీ అన్నీ ఉన్నాయి, ఆ ఒక్కటీ లేదు. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. ఆల్ట్ వదిలారు. ½ వచ్చింది. ఒక్కొక్క వరసా దిద్దుకుంటూ కిందికి దిగి, ఆఖర్న మరిడమ్మ పేరు ఎదురుగా అర పెట్టి, వేలు తీసి, తెర వంక చూసి, మళ్లీ ఒకసారి చూసి, "ఇప్పుడు ఉందమ్మా," అన్నారు.

తూము దగ్గర జరిగింది నేను చూడలేదు. నా తోక అంత పొడుగు లేదు. సత్యవేణి చెప్పగా విన్నాను. ఆవిడ అబద్ధమాడదు, నేను ఒక చిటికెడు ఉప్పు వేస్తానేమో.

ముగ్గురూ ఆటోలో వెళ్లేసరికి తూము గట్టు నిండా జనం. వంతులో అరగంట పోయినవాళ్లందరికీ అప్పటికే సంగతి తెలిసింది. ధర్మారావు కాగితం మార్చి తన చుట్టాలకి నీళ్లు మళ్లించుకున్నాడని ఒక పక్క కేకలు. పక్కూరి రైతులు, మా బోదెకి తిప్పిన నీళ్లు తిరిగి ఎలా తీసుకుంటారో చూస్తామని ఇంకో పక్క. ఆ అరుపులకి కాలువలో కొంగలు లేచి ద్రాక్షారామం దాకా ఎగిరిపోయాయట. మాస్టారు తూము దిమ్మ ఎక్కి నిలబడ్డారు.

"ధర్మారావు తప్పేం లేదు. సూరన్న తప్పూ లేదు," అన్నారు. "ఆయన ఇచ్చిన కాపీలో అన్నీ ఉన్నాయి. కంప్యూటరు మీద అర కొట్టడం నాకు రాదు. రాదని చెప్పడానికి సిగ్గేసింది. వచ్చినట్టు కొట్టేను. చూసుకోలేదు కూడా. పోయినవి మీ అరగంటలు. మీ అందరి నీళ్లూ తిరిగివ్వమని ఎవర్నీ అడిగే ముఖం నాకు లేదు. ఈవిడది మాత్రం మొత్తం వంతే పోయింది. ఇది ఒక్కటీ ఇప్పించండి."

గట్టు మీద జనాన్ని తోసుకుంటూ ఒక రైతు ముందుకొచ్చాడు. ఆయన దగ్గర టైపు నేర్చినవాడే.

"కిందకి చూసినందుకు నా వేళ్ల మీద స్కేలుతో కొట్టేరు గుర్తుందా మాస్టారూ?"

"గుర్తుంది."

"ఒకసారి చూసుంటే సరిపోయేది కదండి మీరు." వాడు నవ్వలేదట. అదే ఎక్కువ గుచ్చుకుందని సత్యవేణి అంది. "మా అరగంట వదిలేస్తున్నాం. మా చేను కాలువ పక్కనే కదా, తడిగానే ఉంది. ఆవిడకివ్వండి."

ఒకడు వదిలితే పక్కవాడూ వదిలాడు. పక్కూరివాళ్లు మాత్రం బేరం పెట్టి, ఎవరెవరికో ఫోన్లు చేసి, పొద్దు వాలాక గాని ఒప్పుకోలేదు. అప్పటికి కాలువలో మట్టం పడిపోయింది. సూరన్న తలుపెత్తాడు. నీళ్లు శివారు చేరేసరికి బోదెలో పాములా సన్నబడ్డాయి. మరిడమ్మ నాలుగు మళ్లలో మూడు తడిశాయి, నాలుగోది అందుకోలేదు.

మాస్టారు దుకాణం మానేస్తారని నేననుకున్నాను. మానలేదు. వెన్ను మాత్రం మళ్లీ నిటారు కాలేదు. ఒక్కొక్క వరస కొట్టి, ఆగి, తెర చూసుకుని, అర వచ్చిన చోటల్లా, "అమ్మాయ్, వచ్చిందా? చూడు," అని అడిగేవారు. వేగం పోయింది. ఇప్పుడు ఆయన కొడుతుంటే వడియాల మీద ఈగ వాలిన చప్పుడు కూడా రాదు. వీధిలోవాళ్లు వెనక నవ్వుకుంటారని ఆయనకి తెలుసు.

నేను ఇప్పుడు పాతసామాన్ల గోతాంలో, ఒక మిక్సీ మూతకీ మూడు ఫ్యాను రెక్కలకీ మధ్య ఉన్నాను. ఇక్కడ పని లేదు కనుక జరిగినవన్నీ తిప్పితిప్పి చూసుకుంటూ ఉంటాను. వాటిలో కోతలయ్యాక వచ్చిన ఒక పొద్దు ఉంది. మరిడమ్మ రేషను కార్డు జిరాక్సుకి వచ్చింది. మాస్టారు ఆవిణ్ణి చూసి కుర్చీలోంచి లేచారు, ఏం చెయ్యాలో తోచక మళ్లీ కూర్చున్నారు.

"ఎలా పండిందమ్మా?"

"మూడు మళ్లు గింజ కట్టేయండి. నాలుగోది తాలు."

ఆవిడ బల్ల మీద పెట్టిన జిరాక్సు డబ్బులు మాస్టారు వెనక్కి తోశారు.

"ఊరుకోండి మాస్టారూ. ఆ తాలంతా నా గేదె తిన్నాది. దాని మట్టుకు దానికి మీరు మేలే చేసేరు," అంది మరిడమ్మ.

తన మాటకి తనే నవ్వింది. సత్యవేణి కూడా నవ్వాపుకోలేక అటు తిరిగింది. మరిడమ్మ జిరాక్సు మడిచి రవికలో దోపుకుని గుమ్మం దిగింది. మాస్టారు నా మీదకి వంగి, ఎవరిదో శుభలేఖ అందుకుని, ఒంటి వేలితో మొదలుపెట్టారు. చాలాసేపు తల ఎత్తలేదు. మీటలు వెతుక్కుంటున్నారని సత్యవేణి అనుకుంది. ఆ ముఖానికి అంత దగ్గరగా ఉన్నది నేను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాయి, రెప్పల అంచున తడి ఉంది.